పచ్చ లైటు చాలన్న బావ

మా బావ పోయాడని నేను ఫోన్ చేస్తే మొదటి ముగ్గురూ నమ్మలేదు. ఒకాయన నవ్వి పెట్టేశాడు. ఇంకొకాయన పొద్దున్నే వేరే పని దొరకలేదా అని తిట్టాడు. మూడో ఆయన ఫోన్ మా అక్కకివ్వమని, ఆమె ఏడుపు విన్నాకే మెత్తబడ్డాడు. తప్పు వాళ్ళది కాదు. ఈ సూరత్‌లో ఉన్న మనవాళ్ళలో నేను బకరాను చెయ్యని ఇల్లు లేదు. నాలుగో ఫోన్ నుంచి కోడలి చేత, అంటే బావ కూతురి చేత, చేయించాను.

బావ గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి మన తెలుగు సంఘంవాళ్ళు అడిగారు. నేను ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. చదువుకున్నవాళ్ళు రాస్తే మహనీయుడు అని మొదలుపెడతారు. అది వింటే బావ, ఆయనెవరో వచ్చాడనుకుని లేచి కుర్చీ వేసేవాడు.

సూరత్‌లోనే వడోద్ అనే పేటలో బావ ముప్పై ఏళ్ళకు పైగా సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మేం సాంచాలే అంటాం. ఆ చప్పుడులో అన్నేళ్ళు నిలబడితే చెవులు ఎవరికి మిగులుతాయి? నాకూ సగమే మిగిలాయి. బావ చెవితో కంటే చేత్తో ఎక్కువ వినేవాడు. నడుస్తున్న సాంచా మీద అరచెయ్యి ఆనించి ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేవాడు. ఇంట్లో టీవీ స్పీకరు మీద కూడా చెయ్యి పెట్టుకునే వార్తలు చూసేవాడు. ఒకసారి నేను సౌండు మొత్తం తీసేసి పక్కన కూర్చున్నాను. పావుగంట ఓపిగ్గా చూసి, ఇయ్యాల వార్తల్లో దమ్ము లేదని లేచిపోయాడు.

అలాంటి మనిషి పాటలు రికార్డు చేస్తానని బయల్దేరాడు. వాళ్ళమ్మ చేతిమగ్గానికి కండెలు చుడుతూ పాడిన పాటలు ఇరవై ఆరు. ఇప్పుడవి బావకు తప్ప ఎవరికీ రావు. కాగితం మీద రాసిపెట్టరాదా అని నేనన్నాను.

"రాస్తే సదివేదెవడురా? మన పిల్లలకు తెలుగు అక్షరం రాదు. ఇంటే మాత్రం సమజైతది," అన్నాడు.

నవరాత్రుల్లో గర్బా పాటలు వాయించే ఒక గుజరాతీ ఆయన వదిలించుకున్న పాత మిక్సరు, ఒక మైకు తెచ్చుకున్నాడు. మైకు వైరు మిక్సరులోకి, మిక్సరు వైరు కోడలి పాత ల్యాప్‌టాప్‌లోకి. ఇంతే కదా అని ఇద్దరం కూర్చున్నాం. మాట్లాడితే మిక్సరు మీద లైట్లు వెలుగుతున్నాయి కానీ కంప్యూటరులో చప్పుడును చూపించే గీత కదలదు. వైర్లు తిప్పి పెట్టాం, ఊదాం, తుడిచాం, తిట్టాం. రెండు సెలవులు అలాగే పోయాయి. చివరికి కోడలు వచ్చి, ఎవరి మాట వినాలో కంప్యూటరుకు మనమే చెప్పాలని చూపించింది. ఒకచోట నొక్కితే రెండు పేర్లు వస్తాయి. ఒకటి మిక్సరుది, ఇంకొకటి ల్యాప్‌టాప్ లోపలే ఉండే చిన్న మైకుది. ఆమె మిక్సరు పేరు నొక్కగానే గీత లేచింది. పడుగు చుట్టిన కొత్త బీము ఎక్కించి సాంచా నడిపినప్పుడు ఉండే ముఖం ఆ రోజు బావ ముఖం.

సాంచాలు బంద్ ఉన్న రోజే పాడేవాడు. మిగతా రోజుల్లో మా గల్లీలో పాటేమిటి, మాటే వినపడదు. మరకలు పడి వాపసొచ్చిన తాకాలు, అంటే గుడ్డ చుట్టలు, విప్పి గోడల నిండా వేలాడదీశాడు. ఆ మధ్యలో పెళ్ళికూతురులా కూర్చునేవాడు. చెవిని నమ్మడు కనుక కళ్ళు లైట్ల మీదే. "పచ్చ లైటు చాలు బామ్మర్ది. ఎర్ర లైటొచ్చిందంటే అది పాట గాదు, కొట్లాట," అనేవాడు. ఒక్క మాట తప్పినా అక్కడే ఆపేసేవాడు. "పోగు తెగినకాడ ఆపి ముడెయ్యాలె. తెగలేదనుకొని నడిపిస్తే తాకా మొత్తం ఖరాబైతది." పాట అయ్యాక మిక్సరు మీటను కిందికి లాగి, అప్పుడే దగ్గేవాడు, చాయ్ అడిగేవాడు. మీట కిందికుంటే ఏదీ ఎక్కదని ఆయన ధీమా.

నా చేతులు ఊరికే ఉండవు. నాలుగో పాటనాడు ఆయన నీళ్ళకు లేచినప్పుడు మిక్సరు పేరు తీసేసి ల్యాప్‌టాప్ మైకు పేరు నొక్కాను. ఆయన పాడుతుంటే వెనక కూర్చుని, మేక నయం, ఆంబోతు నయం అని మెల్లగా గొణిగాను. సాయంత్రం వింటాడు, వాళ్ళమ్మ పాట మధ్యలో నా కూతలు పడతాయి, చెప్పు పట్టుకుని నా వెంట పడతాడు. ఇదీ నా లెక్క.

సాయంత్రం చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. మంచిగొచ్చింది అన్నాడు. అంతే.

అన్నీ విని, నాకు ఆ సంబరం దక్కకుండా ఉలకడం లేదనుకున్నాను. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు ఓడినట్టు. నేనూ తెరవలేదు. ఆయన వారం వారం పాడాడు. పచ్చ లైటు వెలిగేది, గీత లేచేది. ఏ మైకు విన్నా గీత లేస్తుంది. ఆయన చెవులకు దగ్గర గొంతు, దూరపు గొంతు తేడా తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. నేను చెబితే ఎవరూ నమ్మరు కానీ.

ఇరవై రెండు పాటలయ్యాయి. తర్వాత ఊపిరి అందక ఆసుపత్రిలో పడ్డాడు. మూడో రోజు పోయాడు.

దినాలు అయిపోయాక అక్క ఆయన గొంతు వినాలంది. కోడలు స్పీకరు పెట్టింది. మొదటి మూడు పాటలు ఎదురుగా కూర్చుని పాడినట్టే వచ్చాయి. నాలుగోదాంట్లో ముందు ఫ్యాను, తర్వాత కుక్కరు కూత, ఆ తర్వాత నా మేక, నా ఆంబోతు. వాటన్నిటి వెనక, పక్కింట్లో పాడుతున్నట్టు బావ. కోడలు కంప్యూటరులో ఏ మైకు పేరుందో చూసి నావైపు తిరిగింది.

"మామా, ఇది కిస్‌నే బద్‌లా?"

నేనే మార్చానన్నాను. నవ్వకుండా తప్పు ఒప్పుకోవడం నాకు అదే మొదలు. అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అప్పుడే చెప్తే మళ్ళ పాడేటోడు గదరా," అంది.

పాటలు అవుతూనే ఉన్నాయి, ఆపాలని ఎవరికీ తోచలేదు. చివరిది, ఇరవై రెండోది అయింది. టక్కున మీట కిందికి లాగిన చప్పుడు. ఇక ఏదీ ఎక్కదని ఆయన దగ్గాడు. అంత పొడుగు దగ్గు మా ఎవరి ముందూ దగ్గలేదు. తర్వాత ల్యాప్‌టాప్ ఆపడానికి వంగినట్టున్నాడు, గొంతు దగ్గరికొచ్చింది. నాలుగోది మొదలు ఏ పాటలోనూ అంత స్పష్టంగా లేదు.

"ఇంక నాలుగే ఉన్నయ్. అందాంక జర ఆగు."

ఆ రోజు గదిలో ఇంకెవరూ లేరు. తన రొమ్మునే బతిమాలుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళ పెట్టు అంది.

ఫ్యాను చప్పుడు తగ్గించి, వాళ్ళ బాపు గొంతు కొంత పెంచగలనని కోడలు కూర్చుని చేస్తోంది. నా కూతలు కోసెయ్యమన్నాను. చివరి దగ్గు మాత్రం ముట్టుకోవద్దని అక్క చెప్పింది. ఆ నాలుగు పాటలు ఇక ఎక్కడా లేవు. నేను సగం చెవులతో వాళ్ళింట్లో కూర్చున్న రోజుల్లో, బావ పాడుకుంటున్నా, వాటిని ఒక్కసారి సరిగ్గా వినలేదు.

నిన్న సాంచాలు బంద్. అక్కను చూసి రావడానికి వెళ్ళాను. తాకాలు ఇంకా గోడలకే ఉన్నాయి. చివరి పాట పెట్టుకుని, బావలా స్పీకరు మీద అరచెయ్యి ఆనించాను. ఆగు అన్నచోట చేతికి చిన్నగా తగిలింది. అది అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక మిక్సరు ఆన్ చేసి, ఆయన కిందికి లాగిన మీటను పైకి జరిపాను. వంటింట్లో అక్క గిన్నె దించింది. పచ్చ లైటు ఒక్కసారి వెలిగి ఆరింది.