బుడగలు ఆగేదాకా

రెండు వేల దశకం తొలి ఏళ్లలో బ్రూక్‌ఫీల్డ్‌లో నేనూ, నా ఆఫీసు స్నేహితుడూ ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. వాడు పని మీద విదేశానికి వెళ్లి, ఇంట్లోనే వైన్ చేసుకునే కిట్ ఒకటి తెచ్చాడు. ద్రాక్షరసంలో పులియడానికి ఈస్ట్ కలిపి, ప్లాస్టిక్ డబ్బాలో పోసి వంటింటి మూల పెట్టాం. ఆరు వారాలు ఆగాలని కిట్‌తో వచ్చిన కాగితంలో రాసుంది.

నాలుగో వారంలో వాడికి ప్రాజెక్టు మారి పూణె వెళ్లాల్సి వచ్చింది. ఈలోపే సీసాల్లో నింపేద్దామన్నాడు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడే పెద్దాయన, పైకొచ్చి డబ్బాకు చెవి ఆనించి విన్నాడు.

“ఇంకా బుడగలు వస్తా ఉండాయప్పా. ఇప్పుడే మూతలు బిగిస్తే సీసాలు పగుల్తాయి. స్వల్ప ఆగండి.”

“ఎల్లుండే వెళ్లిపోతున్నా అంకుల్,” అన్నాడు వాడు.

“నువ్వు పోతే ఏమప్పా, అది యాడికీ పోదు.”

వాడు రుచి చూడకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత రోజూ ఆఫీసు నుంచి రాగానే నేనూ చెవి ఆనించి వినేవాణ్ణి. వాడు లేని ఇంట్లో నాకు అదే తోడనిపించేది. చప్పుడు పూర్తిగా ఆగాక సీసాల్లో నింపి, రెండింటిని పూణె తీసుకెళ్లాను. స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. కాస్త వగరుగానే ఉంది.

“బాగా కుదిరింది రా,” అంటూ వాడు మళ్లీ పోసుకున్నాడు.