పిక్నిక్ రద్దయిందని చెప్పాను

ఈ బరువు ఎన్నేళ్లు మోశానో! అలాగని బెంగపెట్టుకుని చిక్కిపోయానా అంటే అదేం లేదు. హాయిగానే ఉన్నాను. తిన్నాను, నవ్వాను, ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో ఇల్లు కొనుక్కున్నాను. కానీ టీవీలో వంబుయి కనబడితే చాలు, రిమోట్ కోసం తడుముకునేదాన్ని. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్తే గానీ తీరేలా లేదు.

వంబుయి మా పాత అపార్ట్‌మెంట్‌లో పక్కింటి పిల్ల. కెన్యాలో పుట్టి, చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చింది. లాయరు. ముప్పై నిండకుండానే అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేస్తానని బయల్దేరింది. అప్పుడు మా అమ్మ నా దగ్గరే ఉంది. వాళ్లింట్లోనూ చపాతీని చపాతీ అనే అంటారని తెలిసి అమ్మ మురిసిపోయింది. ఇద్దరికీ భలే కుదిరింది. వంబుయి కూడా మా అమ్మని అమ్మ అనే పిలిచేది.

మా తెలుగువాళ్లం ఏటా పార్కులో పిక్నిక్ పెట్టుకుంటాం. పార్టీ టికెట్ ఎవరికివ్వాలో ఓటర్లే తేల్చే ఎన్నిక దగ్గరపడింది కదా, అక్కడ నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడి మావాళ్ల ఓట్లు అడగాలని వంబుయి ఆశ. అమ్మ నేర్పింది. “అందరికీ నమస్కారమండీ. నేను మీ పక్కింటి అమ్మాయిని.” సాయంత్రాలు టీ తాగుతూ అదే వల్లెవేసేది. ఆ “అండీ”ని సాగదీసినప్పుడల్లా అమ్మ పడీ పడీ నవ్వేది.

పిక్నిక్ నడిపే కమిటీ అంకుల్‌ని అడిగి ఆమెకి మైక్ ఇప్పించే పని నాది. నేను అడగలేదు.

పిక్నిక్ ముందురోజు, అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు, వంబుయి తలుపు కొట్టింది.

“ఆంటీ, రేపు వాట్ టైమ్?”

“క్యాన్సిల్ చేశారమ్మా. ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయని.”

“ఓహ్. అయ్యో, అమ్మ విల్ బీ సో సాడ్,” అంది.

మర్నాడు మేం పిక్నిక్‌కి వెళ్లాం. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పార్కింగ్ వైపే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల రాలేదేమే అని అడిగితే, ఏదో పని పడిందట అన్నాను. పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. అదీ చెప్పాలిగా. ఆ మర్నాడే అమ్మ తిరుగు ప్రయాణం. మూతి ముడుచుకుని, పక్కింటి తలుపు కొట్టకుండానే వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? మావాళ్లు ఆమె రంగు గురించి ఏదైనా అంటే నొచ్చుకుంటుందేమోనని, ఆమె మంచికే చేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వట్టి మాట. ఈ పిల్లనెక్కడ పట్టుకొచ్చావని నలుగురూ నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. అంతే. సిగ్గుగా ఉంది.

ఆ ఎన్నికలో వంబుయి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ రోజు మైక్ అందుకుని ఉంటే గెలిచేదా? ఏమో. తర్వాతిసారి మా సాయం లేకుండానే గెలిచింది. ఇప్పుడదే కమిటీ అంకుల్ శాలువా పట్టుకుని ఆమె ఆఫీస్ చుట్టూ తిరుగుతున్నాడు. ఆమె గెలిచినందుకు నాకు నిజంగా సంతోషం. ఆ సంతోషం అనుభవించే హక్కు నాకుందా అన్నదే అనుమానం.

అమ్మ మళ్లీ వచ్చింది. నిన్న టీవీలో వంబుయి వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగం వస్తోంది. రిమోట్ అమ్మ చేతిలో ఉండిపోయింది. “పైకొచ్చిందిలే. మాటిచ్చి రాకపోయినా మంచి పిల్లే,” అంది అమ్మ.

ఇక నావల్ల కాలేదు. అంతా చెప్పేశాను.

అమ్మ నా మొహం చూడలేదు. టీవీ కట్టేసి, “ఫోన్ కలుపు,” అంది. పాత నంబరే. కలిపి అమ్మకిచ్చాను. వంబుయి ఎత్తగానే అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. “నేను కాదు. నువ్వే చెప్పు.”

చెప్పాను. క్షమించమని నేను అడగలేదు, క్షమించాననీ ఆమె అనలేదు. చివరికి ఒక్కటే అడిగింది.

“ఆంటీ, ఆ రోజు అమ్మ నా కోసం వెయిట్ చేసిందా?”

“చేసింది,” అన్నాను. “సాయంత్రం దాకా చేసింది.”