కొండ మీది అడవి, రోడ్డు మీది కాయ

మా ఊరికి అడవి ఉందని చెబితే నల్లమల వైపు వాళ్ళు మర్యాద కొద్దీ నవ్వు ఆపుకుంటారు. పర్చూరు నుంచి పడమరగా వస్తే పత్తి, పొగాకు, మిరప తప్ప మరో పైరు కనపడని నల్లరేగడి. అందులో ఎవరో మోసుకెళ్తూ బరువనిపించి దించేసినట్టు రెండు గుట్టలుంటాయి. ఒకటి పచ్చగా ఉంటుంది, రెండోది బోడిగా ఉంటుంది. పచ్చగా ఉన్నదాన్ని మేము అడవి అంటాం. ప్రభుత్వం కూడా అదే మాట రాసి బోర్డు పెట్టింది కాబట్టి మాది మరీ గొప్పలు చెప్పుకోవడమేమీ కాదు. వేప, ఏగిస, సండ్ర, నల్లతుమ్మ ఉన్నాయి. పులి లేదు. అడవిపందులున్నాయి, పులి లేని లోటు తెలియకుండా చూసుకుంటాయి.

బోడిగుట్ట కూడా ఒకప్పుడు పచ్చగానే ఉండేదట. మా తాతల కాలంలో దాని మీది చెట్లన్నీ పొగాకు కాల్చే బ్యారన్లలో మంటకి పోయాయి. ఆకు బంగారంలా కాలింది, ఇళ్ళకి మేడలు లేచాయి. తర్వాత ఆ గుట్ట కింది బావులు ఒకదాని వెంట ఒకటి ఎండాయి. ఇప్పుడు అటు పక్క పొలాలకి ఎండాకాలం ట్యాంకర్లు తిరుగుతాయి. అందుచేత అడవి ఎందుకు అని మా ఊళ్ళో ఎవర్నడిగినా ఉపన్యాసం చెప్పరు. బోడిగుట్ట వైపు గడ్డం ఎత్తి చూపించి ఊరుకుంటారు.

పచ్చగుట్ట కింద మొదటి చేను మా చిన్నమ్మది. అంటే మా అమ్మ చెల్లెలు కౌలుకి చేసేది. బాబాయి పోయాక కూడా సేద్యం మానలేదు, మిరపే వేస్తుంది. ఆ చేలో బావి ఉంది. కొండ మీద పడిన వాన చెట్ల వేళ్ళ మధ్య ఆగి, నింపాదిగా ఆ బావిలోకి దిగుతుంది. బావిలో నీళ్ళున్నంత కాలం చిన్నమ్మ రైతు. లేనినాడు పెదకాకానిలో కొడుకు దగ్గరికి పోయి, వాళ్ళ అపార్టుమెంటులో టీవీ ముందు కూర్చోవాలి. ఆ మాట ఎవరన్నా అంటే, "ఆ టీవీలో నాకెవరూ తెలియదురా" అనేది.

నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. ప్రజా ఉద్యమాలనే పాఠం ఏటా చెబుతాను, పరీక్షలో తరచూ వస్తుంది కాబట్టి శ్రద్ధగానే చెబుతాను. ఉద్యమం ఎలా ఉంటుందో చూసింది మాత్రం ఆ ఏడాదే.

మిరప రెండో కోత నడుస్తుండగా ఒక కాంట్రాక్టరు గారు కారులో వచ్చారు. చాలా మర్యాదస్తుడు. అడవిలో ఎండిపోయిన చెట్లు కొట్టుకోవడానికి తనకి పర్మిషన్ ఉందని చెప్పి, కాగితం చూపించి, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. మర్నాడు ఆయన మనుషులు కొండెక్కి, చెట్లకి ఎర్రరంగుతో గుర్తులు వేశారు. సాయంత్రం మేము వెళ్ళి చూస్తే ఎండిన చెట్లతో పాటు మంచి చెట్లన్నిటికీ గుర్తులున్నాయి. లావుపాటి ఏగిసలు, సండ్రలు ఒక్కటి కూడా తప్పిపోలేదు. అది ఆకు రాలే కాలం, వాటికి ఒక్క ఆకు లేదు. ఆయన లెక్కలో ఆకు లేకపోతే చెట్టు చచ్చినట్టే.

మళ్ళీ వచ్చినప్పుడు చిన్నమ్మ ఆయన్ని నిలేసింది.

"ఆకు రాలిస్తే చచ్చినట్టేనా అబ్బాయ్?"

"ఎండిపోయినయ్యమ్మా. చూస్తే తెలవట్లా?"

చిన్నమ్మ నా భుజం పట్టుకుని ముందుకి లాగింది. "మావాడి నెత్తిన చూడు, ఒక్క వెంట్రుక లేదు. నెల నెలా జీతం తెస్తన్నాడు. వీడికి కూడా గుర్తేస్తావా?"

ఉద్యమంలో నా మొదటి పాత్ర అది. వాదన బలంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. కాంట్రాక్టరు గారు కూడా నవ్వారు గానీ గుర్తులు చెరపలేదు.

చదువుకున్నవాణ్ణి కాబట్టి అర్జీ నేనే రాశాను. "పర్యావరణ సమతుల్యత", "భావితరాల హక్కు" లాంటి మాటలన్నీ వేసి, కాలేజీ మ్యాగజైనుకి పంపినా అచ్చయ్యేటట్టు రాశాను. ఊరంతా సంతకాలు పెట్టింది. అటవీ శాఖ ఆఫీసులో తీసుకుని, చూస్తామన్నారు. తర్వాత రచ్చబండ దగ్గర టెంటు వేశాం. మిరపకోతల కాలం, కూలికే మనుషులు దొరకడం లేదు, ఇక టెంటులో కూర్చోవడానికి ఎవరొస్తారు? నేనూ, నడుం నొప్పితో కోతకి పోలేని ఇద్దరు పెద్దవాళ్ళూ కూర్చున్నాం. వాళ్ళు పేకాడుకున్నారు. నేను నినాదాలు రాశాను.

లారీ వచ్చిన పొద్దున మేము దాన్ని ఆపడానికి ఏ ఏర్పాటూ చేసుకోలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత పేపరు వాళ్ళు వేరే రకంగా రాశారు కాబట్టి.

కొండకి పోవడానికి ఒకటే దారి, ఊరి చివర నుంచి గుట్ట మొదలు దాకా వేసిన సిమెంటు రోడ్డు. దాని మీద జీపు పోగా చూసినవాళ్ళు తక్కువ. కానీ మిరపకాయ ఆరబోసుకోవడానికి మండలంలో అంతటి రోడ్డు లేదు. కింద వేడి, పైన ఎండ, మట్టి అంటదు. రెండో కోత కాయ అప్పటికే ఊళ్ళో వాళ్ళందరిదీ ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచి ఉంది. కొండ వైపు చివర చిన్నమ్మది. దూరం నుంచి చూస్తే కొండకి ఎర్ర తివాచీ పరిచినట్టుంటుంది. మా సంగతి తెలియని వాళ్ళయితే ముఖ్యమంత్రి వస్తున్నాడనుకుంటారు.

లారీ ఊరి చివరి దాకా వచ్చి, మొదటి కాయల దగ్గర ఆగిపోయింది. లోపల రంపాలతో కూలీలున్నారు. డ్రైవరు దిగి, నడుం మీద చెయ్యేసుకుని ఎర్రటి రోడ్డు వైపు చూశాడు.

"ఏంది మాస్టారూ, ఇదంతా ఎప్పుడెత్తుతారు?"

"ఆరగానే ఎత్తుతారు" అన్నాను.

"ఎప్పుడారుద్ది?"

"ఎండని బట్టి."

వెనక నుంచి ఎవరో కూలీ అరిచాడు. "ఎక్కించెయ్ అన్నా, ఏం కాదు."

డ్రైవరు వాడి వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వన్నం తింటన్నావా, గడ్డి తింటన్నావా? కాయ మీద టైరెక్కిస్తారంట్రా ఎవరన్నా? మా ఇంటి ముందర కూడా ఇట్టాగే పోసుంది."

నేను చదివిన ఉద్యమాల్లో జనం లారీల ముందు పడుకున్నారు. మా దగ్గర ఆ అవసరం రాలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మనిషి అడ్డం పడుకుంటే హారన్ కొడతారు గానీ కాయ పరిచి ఉంటే బండి ఆపేస్తారు.

కాసేపటికి కాంట్రాక్టరు గారు కారులో వచ్చి, లారీ వెనకే ఆగారు. ఆయనదీ రైతు కుటుంబమే, కాయల వంక చూడగానే ఆయనకి విషయం అర్థమైంది. కూలీలు నడిచెళ్ళి కొయ్యడం మొదలుపెడతామన్నారు.

"కోసి? మొద్దులు మోసేదెట్టా?" అన్నారాయన. "రోడ్డు తెరిచేదాకా అక్కడ పడేసి పోతే, తెల్లారేసరికి ఏ పొయ్యి కిందకి పోద్దో ఎవడికి తెలుసు?"

మా ఊరిని ఆయన అంత బాగా అర్థం చేసుకున్నందుకు ముచ్చటేసింది. కాయ ఆరేదాకా ఆగుదామని లారీని అక్కడే ఉంచారు. ఊరివాళ్ళు దారి మూసేశారని అటవీ శాఖ ఆఫీసరుకి ఫోన్లో ఫిర్యాదు కూడా చేశారు.

ఆయనకి తెలియని సంగతి, కాదు, తెలిసీ మరిచిపోయిన సంగతి ఒకటుంది. మిరప ఒక్క కోతతో అయిపోదు. ఇది ఆరి బస్తాల్లోకి వెళ్ళేలోపు మూడో కోత దిగుతుంది. అదీ ఆ రోడ్డు మీదికే వస్తుంది. ఆ లెక్కన మా అడవికి ఉగాది దాకా ఢోకా లేదని టెంటులో పేకాడుతున్న పెద్దాయన తేల్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది.

మిరప పండించే ఊళ్ళో మబ్బు అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ఆరిన కాయ తడిస్తే రంగు పోతుంది, తెల్లబడి తాలు కింద లెక్కకొస్తుంది. ఏడాది కష్టం అరగంటలో పోతుంది. ఎవరూ కేక వెయ్యలేదు. చేలల్లో నుంచీ ఇళ్ళలో నుంచీ జనం గోతాలు, చీపుళ్ళు, పట్టాలు పట్టుకుని పరిగెత్తారు. టెంటులో పెద్దాయన నడుం నొప్పి సంగతి మరిచిపోయి నాకంటే ముందు పోయాడు. చిన్నమ్మ కాయ రోడ్డు చివరంటా ఉంది, ఇంటికి మోసే టైము లేదు. నేను గోతం పడితే ఆవిడ రెండు చేతులా ఎత్తి పోస్తోంది. ఘాటుకి నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "ఏడవబాక, గోతం తిన్నగా పట్టు" అంది.

అప్పుడు చూశాను. లారీలో కూలీలందరూ దిగి కాయ ఎత్తుతున్నారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఈ నేల మీద పుట్టినవాడెవడూ వాన ముందు కాయని చూస్తూ నిలబడలేడు. ముందున్న కాయ ఎత్తేకొద్దీ డ్రైవరు లారీని కొంచెం కొంచెం ముందుకి తెచ్చి, తలుపు దించి, "ఇట్టా వెయ్యండి, ఇట్టా వెయ్యండి" అన్నాడు. గోతాలన్నీ లారీ ఎక్కాయి. మొద్దులు కప్పడానికి తెచ్చిన పట్టా తెరిచారు. గాలికి అది ఎగిరిపోతుంటే, తెల్లచొక్కా మడిచి, ఒక కొస పట్టుకుని తాడు బిగించిన మనిషిని చూసి నేను నోరు తెరిచాను. కాంట్రాక్టరు గారు. ముడి కూడా రైతు ముడే, జారదు.

చివరి గోతం చిన్నమ్మది. అది లోపలికి తోయగానే చినుకు మొదలైంది.

అందరం పట్టా అంచు కిందా లారీ పక్కనా నిలబడి వాన చూశాం. కాసేపు కాంట్రాక్టరు గారి ముఖంలో తృప్తి కనిపించింది. తర్వాత ఆయన రోడ్డు వైపు చూశారు. కొండ దాకా ఖాళీ. ఆయన కోరుకున్న దారి తెరుచుకుంది. తర్వాత లారీ వైపు చూశారు. అది నిండుగా ఉంది, ఊరందరి కాయతో.

"దించండి" అన్నారు, అంత గట్టిగా కాదు.

"ఈ వానలోనా?" అంది చిన్నమ్మ. "నువ్వు దించు, చూద్దాం."

ఆయన దించలేదు. ఆ రాత్రి మా అడవిని నరకడానికి వచ్చిన లారీ మా పంటకి కాపలా కాసింది.

పొద్దున్నే ఎండ కాసింది, రోడ్డు ఆరింది. గోతాల్లో కాయ వేడెక్కక ముందే మళ్ళీ పరిచేశాం. పరిచి చేతులు దులుపుకుంటుండగా అటవీ శాఖ జీపు వచ్చింది. మా అర్జీకి రాని ఆఫీసరమ్మ ఆయన ఫిర్యాదుకి వచ్చారు. దారి ఎవరు మూసేశారని అడిగితే అందరం కాయల వైపు చూశాం. ఆవిడ కూడా చూశారు. జీపు అక్కడే ఆపించి, నడిచి వెళ్దామన్నారు.

కాయల్లో కాలు పెట్టబోతుంటే చిన్నమ్మ ఆపింది. "నడిస్తే నడిచావు గానీ అమ్మా, చెప్పులిప్పి, కాళ్ళు ఈడుస్తా నడువు. కాయ తిరగబడుద్ది."

ఆఫీసరమ్మ ఒక్క క్షణం ఆగారు. తర్వాత చెప్పులు చేత పట్టుకుని, పాదాలు ఈడుస్తూ, ఊరందరి కాయా, చివర చిన్నమ్మ కాయా తిరగేసుకుంటూ కొండ దాకా నడిచారు. ఆవిడ వెనక ఇద్దరు గార్డులు, వాళ్ళ వెనక నేను, నా వెనక కాంట్రాక్టరు గారు, ఆఖర్న చిన్నమ్మ, అందరం అలాగే ఈడ్చుకుంటూ వెళ్ళాం. ఆ పూట కాయ తిప్పే కూలి ఊరందరికీ మిగిలింది.

జీపులో వెళ్ళి ఉంటే గుట్ట మొదట్లో దిగి, బోర్డు చూసి వచ్చేవారేమో. నడిచేసరికి చెట్ల మధ్యకి వచ్చారు. మొదటి ఎర్ర గుర్తు దగ్గర ఆగి, తాళంచెవితో బెరడు మీద చిన్నగా గీశారు. లోపల పచ్చగా ఉంది. రెండో చెట్టూ అంతే, మూడోదీ అంతే. ఆ తర్వాత ఆవిడ గీస్తూ పోతుంటే కాంట్రాక్టరు గారు చూడటం మానేశారు. "ఇవి ఎండు చెట్లా?" అన్నారు ఆవిడ. చిన్నమ్మ నా తల వైపు చూసింది గానీ, పెద్దమనిషి ముందు బాగోదని ఊరుకుంది.

పర్మిషన్ ఆపేస్తున్నట్టు అక్కడే చెప్పారు, తర్వాత రద్దు చేశారు కూడా. లారీ ఖాళీగా వెళ్ళింది. పూర్తిగా ఖాళీగా కాదు, డ్రైవరుకి చిన్నమ్మ పచ్చడి చేసుకోమని ఒక సంచీ పండుమిరపకాయ ఇచ్చింది.

పేపర్లో "గ్రామస్థుల వినూత్న వ్యూహం" అని వేశారు. మేము కాదనలేదు. నన్ను ఉద్యమ నాయకుడన్నారు, నేను అదీ కాదనలేదు. కానీ ఆ పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు ఒక పేజీ అదనంగా చెబుతాను. మా ఊరు లారీ ముందు పడుకోలేదని, తన పంటని తను ఆరబోసుకుందని, శత్రువు చేత కూడా ఎత్తించిందని చెబుతాను. పరీక్షలో రాదు. పిల్లలు అదే గుర్తుపెట్టుకుంటారు.

ఎర్ర గుర్తులు ఇంకా పోలేదు. మంచి రంగే వేయించారు పాపం, కాంట్రాక్టరు గారు. వాటి పైన కొత్త ఆకు వస్తుంది, రాలుతుంది, మళ్ళీ వస్తుంది. చిన్నమ్మ బావిలో ఈ ఎండాకాలం కూడా మెట్టు మునిగే నీళ్ళున్నాయి. పెదకాకానిలో టీవీ ఆవిడ లేకుండానే నడుస్తోంది.

మొన్న ఈ ఏటి మూడో కోత రోడ్డు మీద పరిచి ఉండగా ఆఫీసరమ్మ జీపు మళ్ళీ వచ్చింది, గుట్ట మీద మొక్కలు నాటే చోటు చూసుకోవడానికి. కాయల ముందు ఆగింది. చిన్నమ్మ కొండ వైపు చివర నిలబడి ఉంది.

ఆవిడ దిగి, చెప్పులు విప్పి చేత పట్టుకున్నారు. ఎవరూ చెప్పకుండానే కాళ్ళు ఈడవడం మొదలుపెట్టారు.