తాడు పట్టిన ఎల్లేశం

కేతేపల్లి కురుమ ఎల్లేశానికి భయం పుట్టుకతోనే వచ్చింది. ఉరిమితే భయం, పట్వారీ దగ్గితే భయం, మందలో పొట్టేలు గట్టిగా తుమ్మినా ఉలిక్కిపడేవాడు. తన నీడను చూసి తానే జడుసుకుంటాడని ఊరంతా నవ్వేది. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. అట్లాంటి మనిషి ఏటా ఐదారు రోజులు నడిచి, పులులు తిరిగే అమ్రాబాద్ అడవికి ఎందుకు పోతాడని ఒక్కరూ అడగలేదు.

పోయేది స్నేహం కోసం. నిజాం రాజ్యంలో, రజాకార్ల మాట ఇంకా ఎవరి చెవినా పడని రోజుల్లో, ఒక ఎండాకాలం మూసీ ఒడ్డున గడ్డిపరక లేక ఎల్లేశం గొర్రెలను నల్లమలకు తోలుకుపోయాడు. దారి తప్పి ఏడుపు మొహంతో నిలబడితే చెంచు గుర్వయ్య కనబడి, మందకు నీళ్ళ మడుగు చూపించాడు. తన పెంటలోనే, అంటే ఆ నాలుగు గుడిసెల గూడెంలోనే ఉంచుకుని, భార్య నాగులమ్మ చేత అంబలి పోయించాడు. అప్పటినుంచి ఎల్లేశానికి అతను అన్న, ఆమె వదిన. ఏటా తాను నేసిన గొంగడి ఒకటి వాళ్ళకోసం భుజాన వేసుకుని చూసి రావడం అలవాటైంది.

పెంట కృష్ణ ఒడ్డున, కొండ అంచు మీద ఉంటుంది. ఎక్కడో లోతున నది. అవతలి గట్టు ఇంగ్రేజీ సర్కారుది. పొద్దు పొడిచేటప్పుడు ఆ నీళ్ళను చూస్తే చూపు తిప్పుకోలేమని గుర్వయ్య మురిసిపోయేవాడు. ఎల్లేశం మాత్రం నాలుగేళ్ళలో ఒక్కనాడూ ఆ అంచు దగ్గరికి పోయిన పాపాన పోలేదు.

ఐదో ఏడు పోయేసరికి పెంటలో ఎవరి మొహంలోనూ కళ లేదు. నాగులమ్మ తమ్ముడు మారయ్య కుడిచేతిని ఎలుగుబంటి నమిలేసింది. ప్రాణం దక్కింది గాని పిడికిలి బిగియదు. వానలు నెత్తిమీదికొచ్చాయి. కొండచరియకు వేలాడే తేనెపట్లు దించి, సంతలో జొన్నలకు మార్చుకుంటేనే వాళ్ళకు వానాకాలం గడిచేది. చినుకు పడితే బండ జారుతుంది, ఆ ఏటికి ఇక తేనె లేనట్టే.

దిగేది గుర్వయ్య. పైన తాడు పట్టేవాడు మాత్రం భార్యకు తోడబుట్టినవాడే కావాలి. అది వాళ్ళ కట్టుబాటు. అన్నదమ్ములు పట్టకూడదు. అన్నదమ్ముల మనసులో ఏ పాత పగ ఉందో ఎవరికెరుక? బామ్మర్ది అయితే తన అక్క ముండమోయకుండా చూసుకుంటాడు. గుర్వయ్య సొంత అన్న తాడు నేను పట్టుకుంటానని ముందుకొస్తే నాగులమ్మ అడ్డంగా తల ఊపింది.

"ఎల్లేశం, నువ్వు పట్టాలె" అంది.

తప్పించుకోవడానికి ఎల్లేశానికి ఒక సందు దొరికింది. "నేను గుర్వన్నకు తమ్మున్ని గద వదినా. తమ్ముడు పట్టొద్దని మీరే అంటిరి."

ఆమె లోపలికి పోయి దొప్పలో అంబలి తెచ్చింది. తాను ఒక గుక్క తాగి, మిగిలింది అతని చేతిలో పెట్టింది. "తాగు. గీ పొద్దునుంచి నువ్వు నాకు తమ్మునివి. గాయనను బావ అను."

ఐదేళ్ళు తిన్న చేతి కూడు. తాగి, "నాకు భయమైతాంది" అన్నాడు ఉన్నమాట.

"నాకెరుకే" అంది నాగులమ్మ.

మర్నాడు పొద్దున్నే అడ్డతీగ నారతో పేనిన తాడును మద్దిచెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, కొస ఎల్లేశం చేతుల్లో పెట్టారు. గుర్వయ్య తేనెటీగలను తోలడానికి పొగ కట్ట పట్టుకుని, నవ్వుతూ అంచు దాటి దిగిపోయాడు. నాగులమ్మ లోయవైపు చూడలేదు. ఎల్లేశానికి ఎదురుగా కూర్చుని అతని చేతులనే చూస్తూ ఉంది. ఆ చూపుకే సగం చచ్చాడు ఎల్లేశం. ఈ వేళ్ళు సడలితే మనిషి దక్కడు. గొంగడి నేసే వేళ్ళివి, మనుషుల ప్రాణాలు మోసేవి కావు.

మూర తర్వాత మూర వదులుతూ పోయాడు. కింద పొగ లేచింది. ఆ వెంటనే ఈగలు పైకి లేచాయి. మెడ మీద, చెవుల వెనుక, వేళ్ళ కణుపుల మీద నిప్పులు పోసినట్టు కుట్టాయి. పరుగెత్తమని కాళ్ళు మొత్తుకుంటున్నాయి. దులుపుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. అప్పుడే తాడు ఉన్నట్టుండి తేలికైపోయింది.

అంత భయం ఎల్లేశం పుట్టి ఎరగడు. గుర్వయ్య మెట్టులా ఉన్న బండ మీద నిలబడ్డాడా, నదిలో పడ్డాడా? పోయి చూద్దామంటే తాడు వదలాలి.

"బావా" అని అరిచాడు. "బావా, పలుకు బావా."

ఎంతసేపో నది చప్పుడే వినబడింది. నాగులమ్మ రెప్ప వేయలేదు, ఊపిరి తీసిందో లేదో. ఆఖరికి తాడు ఒక్క గుంజు గుంజింది. మళ్ళీ బరువు. ఎల్లేశం వెక్కివెక్కి ఏడుస్తూనే జానెడు జానెడు లాక్కుంటూ పోయాడు. తేనెబుట్ట వీపున మోస్తూ గుర్వయ్య తల అంచు మీద కనబడింది.

గుర్వయ్య పైకి వచ్చాక కూడా ఎల్లేశం తాడు వదల్లేదు. నాగులమ్మ ఒక్కొక్క వేలే విప్పవలసి వచ్చింది. అరచేతుల తోలు తాడుకే అంటుకుని ఉంది.

"ధైర్యంతోని పట్టలే నేను" అన్నాడు సిగ్గుపడుతూ. "భయానికి వేళ్ళు బిగుసుకపోయినయ్, గంతే."

"మారయ్యకు గూడ గట్లనే" అందామె. "ధైర్యమున్నోడు ఈగ కుడితే దులుపుకుంటడు, జర వంగి కిందికి చూస్తడు. దిగేటోనికి ధైర్యం కావాలె. పట్టేటోడు భయపడేటోడే కావాలె నాకు."

గుర్వయ్య మొహం కడుక్కుని వచ్చాడు. "గా మూల తిరిగినంక ఇంకో రెండు పట్లున్నయ్. రేపు దిగుత" అన్నాడు.

రేపు ఇంటికి బయల్దేరాలని ఎల్లేశం అనుకున్నాడు. మారయ్య కట్టుగట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. ఎవరూ ఎల్లేశాన్ని ఏమీ అడగలేదు. మళ్ళీ అదే భయం మొదలైంది, పొద్దుటికన్నా ఎక్కువగానే.

అతను రక్తం కారే అరచేతులు రెండూ నాగులమ్మ ముందు చాపాడు.

"జర తేనె పుయ్యి అక్కా" అన్నాడు. "పొద్దుగాల మల్ల పట్టాలె గద."