నీలం పట్టిన తెల్లసొన

మొన్న ఆదివారం మా కోడలు గుడ్డు పగలగొట్టి, పచ్చసొన మనవడి ఆమ్లెట్‌కి తీసిపెట్టి, తెల్లసొన ముఖానికి పూసుకుని ఫ్యాన్ కింద కూర్చుంది. ముఖం బిగుసుకుపోయే వరకూ మాట్లాడకూడదట. ఆ కాసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, నాకూ హాయిగానే ఉంది. గిన్నెలో అడుగున మిగిలిన తెల్లసొన చూసి నా చిటికెన వేలు ఊరుకోలేదు. దాన్ని ముంచి, పక్కనున్న గాజు గ్లాసు మీద ఒక్క చుక్క పెట్టి, అరచేతి అంచుతో పలచగా తుడిచాను. పాతికేళ్ళకు పైగా చేసిన పని చేతికి గుర్తుంటుంది కాబోలు. రోజంతా ఆ జిగురు వేలికి ఉన్నట్టే అనిపించి, పాత సంగతులన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

తొంభైల మొదట్లో మేము భిలాయి స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న రోలింగ్ మిల్లులో పని చేసేవారు. నేను జువాలజీతో డిగ్రీ అయిందనిపించి, ఊళ్ళో ఒక కాలేజీలో ఆ శాఖకే టెంపరరీగా లాబ్ అసిస్టెంట్‌గా చేరాను. టెంపరరీ అంటే ఏడాదికొకసారి, ఆగస్టు నెలలో, మా శాఖాధిపతి సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటాం, లేకపోతే లేదు. ఆయన్ని అందరం సర్ అనే అనేవాళ్ళం కనుక ఇక్కడా అలాగే అంటాను.

నా పని జంతువుల అవయవాలను మైక్రోస్కోప్ కింద చూడటానికి వీలుగా తయారుచేయడం. కాలేయమో మూత్రపిండమో గోరంత ముక్క తీసి, కుళ్ళకుండా మందులో ఉంచి, తరువాత కరిగిన మైనంలో వేసి గడ్డ కట్టించి, ఆ మైనపు దిమ్మను మైక్రోటోమ్ అనే కోత యంత్రానికి బిగించి పిడి తిప్పితే, ఉల్లిపొర కంటే పలచని పొరలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రిబ్బన్‌లా దిగేవి. చేరిన మొదటి నెలలోనే ఆ యంత్రం కత్తి నా ఎడమ చిటికెన వేలి కొనను అడ్డంగా కోసేసింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ పొరల్ని గాజు స్లైడ్ మీదకు ఎక్కించి రంగు వేస్తే, మామూలు కంటికి ఎర్రటి ముద్దగా కనిపించే కాలేయం లోపల ఎంత పద్ధతిగా, గదులు గదులుగా ఉంటుందో చూడవచ్చు. మా క్వార్టర్ల వరసలు కూడా అంత తీరుగా ఉండేవి కావు.

అయితే భిలాయి ఎండల్లో మైనం నిలవదు. మే నెలలో తొమ్మిది దాటిందంటే దిమ్మ మెత్తబడి, రిబ్బన్ ముడతలు పడి, కత్తికే అంటుకుపోయేది. అందుకని వేసవి రెండు నెలలూ నేను ఆరింటికే లాబ్ తెరిచేదాన్ని. ఫస్ట్ షిఫ్ట్‌కి పోయే సైకిళ్ళ గుంపులో నాన్న సైకిలూ నా లేడీస్ సైకిలూ పక్కపక్కన వెళ్ళేవి. మలుపు దగ్గర ఆయన ప్లాంటు వైపు, నేను కాలేజీ వైపు. మా ఇంట్లో ఇద్దరం ఫస్ట్ షిఫ్టే అని నాన్న తన తోటివాళ్ళకు కాస్త గొప్పగానే చెప్పుకునేవారు. చెరుకు రసం బండివాడి దగ్గర ఐసు ముక్క తీసుకుని, గుడ్డలో చుట్టి, దిమ్మల మీద పెట్టుకుని కోసేదాన్ని.

పొరలు గాజుకు అంటుకోవడానికి జిగురు కావాలి. ఆ జిగురే తెల్లసొన. కోడిగుడ్డు తెల్లసొనలో అంతే గ్లిజరిన్ కలిపి, నురుగొచ్చే దాకా గిలకొట్టి, గుడ్డలో వడకట్టి, కుళ్ళకుండా చిన్న కర్పూరం బిళ్ళ వేస్తే నెలల తరబడి ఉంటుంది. లాబ్‌లో సౌకర్యం లేక దాన్ని ఇంట్లోనే చేసేదాన్ని. అమ్మ చేపలు తింటుంది, గుడ్డు కూడా తింటుంది, కాని పూజ సామాను దగ్గరికి గుడ్డు రాకూడదు. కర్పూరం డబ్బా పూజ గూట్లోనే ఉండేది. ఒక రోజు నేను రెండు బిళ్ళలు తీస్తుండగా చూసి, ఓలమ్మా, దేవుడి కప్పురం అట్టుకెళ్ళి గుడ్లో పడేస్తావేటే, బుద్ధి నేదా అని కేకలేసింది. తరువాత నాకోసం కిరాణా కొట్లో విడిగా ఒక పొట్లం కొని, దాని మీద బొగ్గుతో ఇంటూ గుర్తు పెట్టి, పూజకు పనికిరాదని ఇంటిల్లిపాదికీ చెప్పింది. ఆ జిగురు సీసా మూత తీయగానే గుడి వాసన వచ్చేది.

అప్పుడే మా శాఖలో ఒకావిడ పరిశోధన చేస్తుండేది. రైల్వే కుటుంబం, తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పుట్టింది, పెరిగింది ఇక్కడే కనుక సగం తెలుగు, సగం హిందీ మాట్లాడేది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను దీదీ అనేదాన్ని. ఒక స్కూల్లో టీచర్‌గా ఉంటూ, పరిశోధన కోసం మూడేళ్ళు సెలవు తీసుకుంది. ఆ సెలవు ఆ డిసెంబరుతో అయిపోతుంది. ఈలోగా థీసిస్ ఇవ్వాలి. పైగా మా కాలేజీలోనే ఒక లెక్చరర్ పోస్టు ఖాళీ కాబోతోందని, థీసిస్‌లో ఏదైనా కొత్త సంగతి ఉంటే అది ఆవిడకే వస్తుందని సర్ మాట ఇచ్చినంత పని చేశారు.

ఆవిడ చూసేది కొర్రమీను కాలేయంలో ప్రొటీన్లు ఎక్కడెక్కడ, ఎంతెంత ఉన్నాయన్నది. చలికాలంలో, వేసవిలో, వానల్లో చేపలు తెచ్చి పోల్చడం. దానికో ప్రత్యేకమైన నీలిరంగు ఉంది. ప్రొటీన్ ఎక్కడుంటే అక్కడ నీలం పట్టుకుంటుంది, లేనిచోట కడిగితే పోతుంది. ఎంత నీలం అన్నది కొలిచే యంత్రాలు మా దగ్గర ఎక్కడివి, కంటితో చూసి రాసుకోవడమే. లేతగా ఉంటే ఒక ప్లస్, ఒక మాదిరిగా ఉంటే రెండు, ముదురుగా ఉంటే మూడు. దీదీ నోట్‌బుక్‌లో పేజీలకు పేజీలు ప్లస్ గుర్తులే ఉండేవి.

చలికాలం స్లైడ్లు రెండు ప్లస్‌ల దగ్గర ఆగాయి. వేసవి స్లైడ్లు అన్నీ మూడు. ఒకటో రెండో కాదు, పెట్టె పెట్టంతా. దీదీ ముఖం వెలిగిపోయింది. ఎండ వేడికి చేప కాలేయంలో ప్రొటీన్ పెరుగుతోందన్న మాట, ఇది ఎవరూ చెప్పని సంగతి అని సర్ కూడా ఎంతో సంతోషించి, ఒక అధ్యాయం మొత్తం దాని మీదే రాయించి టైపింగ్‌కు ఇచ్చేశారు. ఆ రోజు సర్ అందరికీ సమోసాలు తెప్పించారు. నేనూ రెండు తిన్నాను.

వానలు పడ్డాక, థీసిస్‌లో పెట్టే ఫొటోల కోసం మంచి స్లైడ్లు ఏరమని దీదీ నాకు చెప్పింది. వేసవి పెట్టెలోంచి ఒకటి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి, స్లైడ్‌ను మెల్లగా జరుపుతుంటే, కాలేయం దాటి ఖాళీ గాజు అంచు దగ్గర, అసలు ఏమీ ఉండకూడని చోట, నీలంగా గీతలు కనిపించాయి. వంపులు తిరిగిన, పక్కపక్కనే ఉన్న గీతలు. వాటిని అడ్డంగా తెంపుతూ ఒక తెల్లటి చార. మొదట అదేదో కొత్త కణజాలం అనుకున్నాను. తరువాత నా చిటికెన వేలు తిప్పి చూసుకున్నాను.

సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. వేసవిలో పొరలు ముడతలు పడి గాజు మీంచి ఊడిపోతున్నాయని, నేను ఒక చుక్క బదులు రెండు మూడు చుక్కలు, దిట్టంగా జిగురు పూశాను. పలచగా తుడవాల్సిన చోట వేలితో అద్ది వదిలేశాను. తెల్లసొన అంటేనే ప్రొటీన్. చేప కాలేయానికి పట్టిన నీలమే దానికీ పట్టింది. పైన చేప, కింద కోడిగుడ్డు, రెండూ కలిసి మూడు ప్లస్‌లు. ఎండ వల్ల పెరిగింది కొర్రమీనులో ప్రొటీన్ కాదు, నా సీసాలోని జిగురు. ఇంకో నాలుగు స్లైడ్లు చూశాను, చేప రక్తనాళాల ఖాళీ బొరియల్లో కూడా అదే పలచటి నీలం.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఆగస్టు నెల, నా సంతకం ఇంకా కాలేదు. చెబితే నా ఉద్యోగం పోతుందని భయం, దీదీ మూడేళ్ళ పని నా చేతి మీదుగా పాడైందని సిగ్గు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఫొటోలకు మాత్రం అంచులు కనిపించని స్లైడ్లు ఏరి ఇచ్చాను, అది ఇంకా పెద్ద తప్పు.

మూడు వారాలయ్యాక ఒక సాయంత్రం, నాన్న వరండాలో సైకిల్ చైనుకు నూనె వేస్తుంటే, మీ మిల్లులో సాంపిల్ ముక్క తేడాగా కోశారని తరువాత తెలిస్తే ఏం చేస్తారని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో ఆయన అడగలేదు. చైను తిప్పుతూనే, సెప్పీడమే, ఏటవుద్ది, తిడతారు, తిట్టీసి మళ్ళీ కొయ్యమంటారు అన్నారు.

మర్నాడు దీదీని మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి ఆ గీతలు చూపించాను. నా వేలు కూడా చూపించాను. ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు. తరువాత లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఎటో చూస్తూ అంది, "ముఝే భీ దిఖా థా. రాఖీ పండక్కి ముందే నేనూ చూశాను. నువ్వు చెప్పకపోతే నేను కూడా చెప్పేదాన్ని కాదు, నిజం, సచ్ బోల్ రహీ హూఁ."

అంటే ఆ మూడు వారాలూ, ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని, ఒకే టిఫిన్ డబ్బాలోది పంచుకు తింటూ, ఇద్దరమూ ఒకే సంగతి దాచుకున్నామన్న మాట. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. "బ్లాకులు ఉన్నాయి నా? ఫిర్ సే కాటేంగే, మళ్ళీ కోద్దాం పద" అని మైనం దిమ్మల పెట్టె తనే తీసింది.

చలికాలానివీ, వేసవివీ, కొత్తగా వచ్చిన వానాకాలానివీ, అన్ని దిమ్మలూ ఒకే వారంలో, ఒకే తీరుగా, ఒక్కొక్క చుక్క జిగురు మాత్రమే పలచగా తుడిచి మళ్ళీ కోశాను. నీలం వేశాం. ఏ స్లైడ్ ఏ కాలానిదో నేను చెప్పకుండా ఒక్కొక్కటే అందిస్తుంటే దీదీ ప్లస్‌లు రాసుకుంది. చివర్న నా జాబితాతో సరిచూసుకుంటే అన్నీ రెండే. చలికాలమూ రెండే, వేసవీ రెండే, వానాకాలమూ రెండే.

సర్ కోపం సంగతి చెప్పనక్కర్లేదు. టైపయిన అధ్యాయం చింపించారు. నా సంతకం రెండు నెలలు ఆపి, ఉదయం ఆరింటికి వచ్చి మైనం కోసేవాళ్ళు ఇంకెవరూ దొరక్క పెట్టేశారు. దీదీ థీసిస్ డిసెంబరులోనే వెళ్ళింది. ఋతువుల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు అన్నది అందులో చివరి మాట. డిగ్రీ వచ్చింది కాని, లెక్చరర్ పోస్టు ఇంకొకరికి వెళ్ళింది. దీదీ స్కూలుకు తిరిగిపోయి, ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతూ అక్కడే రిటైరైంది. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా నేను ఒక్క చుక్క దగ్గర చేయి ఆపి ఉంటే ఆనాటి సమోసాలూ ఉండేవి కావు, ఆశా ఉండేది కాదు కదా అని ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది.

ఆ థీసిస్‌లో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ అర్థం కాని వాక్యం ఒకటుంది, పని చేసిన విధానం చెప్పే పేజీలో. తెల్లసొన పూత ఒక్క చుక్కకు మించరాదు, మించితే అదే నీలం పట్టి చూసేవారిని మోసం చేస్తుంది అని. సర్ కొట్టేయమన్నా దీదీ ఉంచింది. తరువాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ ఆ పేజీ తీసి నేనే చదివించేదాన్ని. పిల్లలు నవ్వుకుంటూ ఒక్క చుక్కే పెట్టేవారు.

నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడే, భిలాయిలోని కోహ్కాలో ఈ ఇల్లు కట్టుకున్నాం, నేనూ రిటైరై కొన్నేళ్ళయింది. కిందటేడు పని మీద కాలేజీకి వెళ్తే ఇప్పటి పిల్ల లాబ్ చూపించింది. ఏసీ గది, మే నెలలో పది గంటలకు కూడా మైనం రాయిలా ఉంది. స్లైడ్లు ముందే జిగురు పూసి డబ్బాల్లో వస్తున్నాయట, నీలం ఎంతో కంప్యూటరే అంకె చెబుతుందట. గుడ్డుతో చేసేవాళ్ళం అంటే నమ్మలేదు. దీదీ థీసిస్ ఉందా అని అడిగితే, పాతవన్నీ స్టోర్‌కు పంపించేశారు ఆంటీ అంది. దీదీ ఒక ఉద్యోగం పోగొట్టుకుని రాసిన ఆ ఒక్క వాక్యం ఇక ఎవరికీ అక్కర్లేదు.

మొన్న ఆ గాజు గ్లాసును కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తుంటే, ముఖం కడుక్కుని వచ్చిన మా కోడలు, క్యా దేఖ్ రహీ హో అత్తయ్యా అంది. ఏటీ నేదమ్మా అన్నాను. గాజు మీద నిజంగానే ఏమీ కనిపించడం లేదు. నీలం వేస్తే తప్ప కనిపించదు. గ్లాసు కడిగి బోర్లించాను.