మిరపకాయల కల్లంలో అమ్మ చెప్పిన సాక్ష్యం

మా చిన్నప్పుడు రేడియో వాళ్ళు మా ఊరికి ఒక్కసారే వచ్చారు... అదీ మిరపకాయల కల్లానికి. ఎనభైల్లో మాట. జీపు దిగిన పెద్దమనిషి మైకు బయటికి తీసీ తీయకముందే తుమ్ములు లంకించుకున్నాడు. ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడి ఎగ్గొట్టి, అమ్మ పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నా.

ఊళ్ళలో అంటరానితనం పోయిందా లేదా అని చర్చట. ముందు కల్లం ఆసామి సుబ్బారాయుడు గారిని అడిగారు.

"మా ఊళ్ళో అట్లాంటియ్యేం లేవండీ. అందరం కలిసిమెలిసి ఉంటాం" అన్నారాయన, మంచం దిగకుండానే.

తర్వాత మైకు మా వైపు తిప్పారు. అందరూ తలలు వంచుకుని కాయలు ఏరుతున్నారు... మా అమ్మ లేచి నిలబడింది!

ఊరి చివర మా పల్లెలో అందరం క్రైస్తవులం. ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం అమ్మకి అలవాటు. మైకు కనపడేసరికి ఇదీ అదే అనుకుంది, పిచ్చితల్లి. సాక్ష్యమంటే జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా... చెప్పేసింది.

"అందరికీ వందనాలండి. నా పేరు కరుణమ్మండి. ఈ కల్లంలో కుండుంది, చెంబుంది. మమ్మల్ని ముట్టుకోనియ్యరండి. ఎవరన్నా పైనించి పోస్తే దోసిలి పట్టి తాగాలి. పొద్దుట్నించీ మిరపకాయలు పట్టుకున్న చేతులండి ఇయ్యి. ఆ దోసిట్లో తాగితే మూతి అంతా మంటే. మా నీళ్ళు మేం ముంచుకుంటే ఈయనకేం పోయిద్దండి? ఆమెన్."

సుబ్బారాయుడు గారు కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు ముఠా మేస్త్రి అమ్మని తప్ప అందర్నీ పనికి పిలిచాడు. నాన్నకి భయం పట్టుకుంది.

"ఎందుకే నీకీ పెత్తనం? అది రేడియోలో వస్తే ఈ ఊళ్ళో మనకి పని ఇచ్చేవాడుంటాడా?"

"రానీ... ఊరంతా ఇనాలి" అంది అమ్మ.

వారం తర్వాత, సాయంత్రం పూట, పాస్టరు గారి రేడియో చుట్టూ పల్లెంతా చేరింది. అమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సుబ్బారాయుడు గారి మాటలు వచ్చాయి, కలిసిమెలిసి ఉంటామన్నది కూడా వచ్చింది. ఆ వెంటనే ఏదో పాట వేశారు. అంతే! అమ్మ చెప్పిన దాంట్లో ఒక్క ముక్క రాలేదు.

నాన్న "హమ్మయ్య" అన్నాడు. పక్కింటి పెద్దమ్మ "ఏమే కరుణమ్మా, నీ మాట చెల్లలేదంటగా" అని ఆటపట్టించింది. నాలుగు రోజులకి మేస్త్రి మళ్ళీ పిలిస్తే అమ్మ పనికి వెళ్ళింది. మళ్ళీ ఆ దోసిలే పట్టింది. కానీ ఆ ఆదివారం సాక్ష్యానికి లేవలేదు... ఆ తర్వాత ఏ ఆదివారమూ లేవలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాత రేడియో టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే చోట నా స్నేహితురాలు ఒకామె పనిచేస్తోంది. మొన్నామధ్య ఒక టేపు మీద మా ఊరి పేరు చూసి నాకు పంపింది. కత్తిరించకముందు టేపు... పెద్దమనిషి తుమ్ములతో సహా ఉంది! ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని వింది. ఫోన్లో "ఆమెన్" అని వినపడగానే, ఇక్కడ ఈమె కూడా "ఆమెన్" అంది.

"అయితే పారెయ్యలేదన్నమాట" అని, మళ్ళీ పెట్టమంది. ఏడుసార్లు పెట్టించుకుంది.

ఇప్పుడు మా కల్లాల్లో నీళ్ళ క్యాన్లు... ఎవరికి వాళ్ళే పట్టుకుని తాగుతున్నారు. ఆ రోజు అమ్మతో కాయలు ఏరినవాళ్ళలో ముగ్గురే మిగిలారు. ఆ ముగ్గురూ పోయిన ఆదివారం ప్రార్థన గుళ్ళో ఉన్నారు. సాక్ష్యాల వేళకి అమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

"అందరికీ వందనాలండి. నా పేరు కరుణమ్మండి. ఆ రోజు నేను చెప్పింది ఇంకా ఉందండి..."

నాకు ఏడుపు ఆగలేదు.

మీ అమ్మో, నాయనమ్మో ఎప్పుడో నలుగురిలో లేచి చెప్పిన మాట ఏదన్నా ఉంటే ఇక్కడ రాయండి... ఇక్కడ కత్తిరించేవాళ్ళు ఎవరూ లేరు.