చేపల పులుసూ, గ్రీకు తత్త్వమూ

ఆ రోజుల్లో, అంటే తొంభైలలో, ఒక వ్యాసం సగం చదివితే ఆ శాస్త్రమంతా వచ్చేసినట్టేనని నమ్మేటంత మూర్ఖుణ్ణి నేను. (మిగతా సగం కూడా చదివితే ఏమైపోయేవాణ్ణో! వేళకి లైబ్రరీ మూసేసి నన్ను కాపాడారు.) భిలాయి స్టీలు ప్లాంటులో కొత్తగా ట్రైనీగా చేరాను. హాస్టల్లో పప్పు ఎక్కడ ముగిసి నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలిసేది కాదు. అందుకే ఆదివారం రాగానే సైకిలెక్కి భిలాయి-3 రైల్వే క్వార్టర్లలో ఉండే మా పెద్దమ్మ ఇంటికి పరిగెత్తేవాణ్ణి. పెదనాన్న రైల్వే గార్డు. ఆయన క్రైస్తవులు, పెద్దమ్మ కాదు. ఆయన ముందుగదిలో ప్రార్థన చేసుకుంటుంటే, ఆవిడ వంటింట్లో వెంకన్నకు దీపం పెట్టుకునేది. నేను ఇద్దరికీ మధ్య గుమ్మంలో కూర్చుని చేపల పులుసును ధ్యానించేవాణ్ణి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ప్రార్థన అయ్యాక పెదనాన్న నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆయన చాలించి చేతులు కడుక్కుంటే గానీ పెద్దమ్మ గిన్నె మూత తీసేది కాదు.

ఆ ఆదివారం ఆయన సృష్టి కథ ముగించి లేవబోతుండగా, నా సగం వ్యాసం కాస్తా నోరు జారింది.

"పెదనాన్నా, యూదుల గ్రంథం, అదే మీ బైబిల్లో పాత నిబంధన, మనం అనుకున్నంత పాతది కాదట. అందులో గ్రీకు తత్త్వవేత్తల ప్రభావం ఉందని కొందరు పండితులు అంటున్నారు."

లేవబోయిన మనిషి మళ్ళీ కూర్చున్నారు. "ఏటీ? మనోళ్ళు గ్రీకోళ్ళ దగ్గర నేర్సుకున్నారా? ఉల్టా! బిల్కుల్ ఉల్టా! ఆళ్ళే మన దగ్గర ఎత్తుకుపోనారు!"

"ఆధారమేమిటి?" అన్నాను. (ఆకలి మీదున్నవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది?)

"కొత్త మాట సెప్పినోడివి నువ్వు. నువ్వే సూపించు!"

"రెండూ ఒకేలా ఉన్నాయట..." అని నీళ్ళు నమిలాను. నమలడానికి ఇంకేమీ పెట్టలేదు మరి.

వంటింట్లోంచి పెద్దమ్మ, "రెండూ మన రుషులు సెప్పినవే. ఇద్దరూ మన కాడే నేర్సుకున్నారు, ఊరుకోండి!" అంది. అంతే, ఇద్దరి వాదన ముగ్గురిదైంది. వాదంలో వేడి పెరిగినకొద్దీ పులుసులో తగ్గింది. మధ్యాహ్నం షిఫ్టుకు వేళైపోయి ఖాళీ కడుపుతో సైకిలెక్కాను. గ్రీకుల ప్రభావం తేలలేదు గానీ నా భోజనాభావం మాత్రం తేలిపోయింది.

మరుసటి ఆదివారం పక్క ఊరు కుమ్హారి నుంచి పాస్టరుగారు భోజనానికొచ్చారు. ప్రార్థన అవగానే నేను మహా వినయంగా, "అయ్యగారూ, గ్రీకులు మన దగ్గరే అంతా ఎత్తుకుపోయారని పెదనాన్న అంటారు, నిజమేనాండీ?" అన్నాను.

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అలాగనకూడదు. దేవుడి మాట ఎవడైనా ఎత్తుకుపోడానికి అదేమైనా గూడ్సు బండిలో బొగ్గా?"

"అయితే నాను అబద్ధమాడినానంటారా?" అన్నారు పెదనాన్న, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

నేను మెల్లిగా వంటింట్లోకి జారుకున్నాను. "పెద్దమ్మా, ఇవాళ కూడా షిఫ్టుందే."

ఆవిడ ముందుగదివైపు ఒకసారి చెవి పెట్టింది. "ఆళ్ళిప్పట్లో లెగరు. నువ్వు తినీరా నాయినా," అని, పెళ్ళయ్యాక మొదటిసారేమో, పెదనాన్న కంటే ముందు మూత తీసింది. ఏనాడూ ఆయనకు తప్ప మరొకరికి దక్కని చేప తలకాయకేసి నేను చూశాను. ఆవిడ చూసీ చూడనట్టు పొయ్యివైపు తిరిగింది.

ఆ వ్యాసం మిగతా సగం ఈమధ్యే చదివాను. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు, పాపం, ఎవరింట్లో ఏ పులుసు చల్లారుతోందో! అప్పటి పెదనాన్న వయసు నాకూ దాటిపోయింది. తెలియనిదాని గురించి అంత ధైర్యంగా మాట్లాడిన ఆ కుర్రాడి మీద ఇప్పుడు కాస్త అసూయ కూడా కలుగుతోంది. పాస్టరుగారొచ్చిన ఆవేళ వాడు తిని బయటికొచ్చి సైకిలు తాళం తీస్తుంటే, లోపలి నుంచి గిన్నెలో గరిటె తిప్పుతున్న చప్పుడూ, వెంటనే పెదనాన్న కేకా వినిపించాయి.

"ఏటే, తలకాయేదే?"

పెద్దమ్మ నోరు విప్పేలోగా వీధిలోంచి నేనే అరిచాను.

"గ్రీకోళ్ళు ఎత్తుకుపోనారు పెదనాన్నా!"